‘ఒక్కరూ చనిపోలేదు’ అనడం న్యాయమేనా? షాకిల్టన్ యాత్రలో మనం మరచిపోతున్న ముగ్గురి గురించి

పాతపటం
గత వారం మా కార్యాలయంలో నాయకత్వం మీద రెండు రోజుల శిక్షణ జరిగింది. శిక్షకుడు మొదటి పూటంతా అంటార్కిటికా అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ గురించే చెప్పారు. 1915 జనవరిలో ఎండ్యూరెన్స్ ఓడ వెడెల్ సముద్రపు మంచులో ఇరుక్కోవడం, నవంబరులో మునిగిపోవడం, 28 మంది నెలల తరబడి తేలే మంచుపలకల మీద బతికి 1916 ఆగస్టు నాటికి అందరూ ప్రాణాలతో బయటపడటం, ఇదంతా ఆయన కళ్ళకు కట్టినట్టు చెప్పారు. చివర తెర మీద పెద్ద అక్షరాలతో ‘ఒక్కరూ చనిపోలేదు’ అన్న మాట కనిపించగానే హాలంతా చప్పట్లు మోగాయి. నాకు మాత్రం చేతులు లేవలేదు. ఎందుకంటే ఆ యాత్రకు రెండో సగం ఉంది. అంటార్కిటికాకు అవతలి వైపున, రాస్ సముద్రం దగ్గర, అదే షాకిల్టన్ పంపిన మనుషులు ముగ్గురు చనిపోయారు. విరామంలో ఈ సంగతి అడిగితే, ‘అది వేరే బృందం కదండీ’ అని తేల్చేశారు. వేరే బృందం ఎలా అవుతుంది? యాత్ర ఒకటే, నాయకుడు ఒకరే. ఈ చరిత్ర చదివినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ ముగ్గురిని లెక్కలోంచి తీసేయడం న్యాయమేనా?

శరన్మేఘం
ఎండ్యూరెన్స్ కథ ఎన్నోసార్లు విన్నాను గానీ రెండో ఓడ ఉందని ఇప్పుడే తెలిసింది. అసలు అవతలి వైపుకు మనుషులను ఎందుకు పంపవలసి వచ్చింది?

ధ్రువతార_కాకినాడ
శరన్మేఘం గారూ, అమండ్‌సెన్ అనే అన్వేషకుడు 1911లో దక్షిణ ధ్రువం చేరుకున్నాక మిగిలిన పెద్ద పని ఖండాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి దాటడమే అని షాకిల్టన్ భావించాడు. దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. అంత దూరానికి సరిపడా తిండి స్లెడ్జ్‌ల మీద మోయడం అసాధ్యం. అందుకని తాను వెడెల్ సముద్రం వైపు నుంచి బయలుదేరేలా, రెండో సగం దారిలో తినవలసిన తిండిని రాస్ సముద్రం వైపు నుంచి మరో బృందం ముందుగానే తెచ్చి గుట్టలుగా పెట్టేలా పథకం వేశాడు. అరోరా ఓడలో వెళ్ళిన ఆ బృందానికి ఈనియస్ మాకింటోష్ నాయకుడు.

1915 మే నెలలో ఒక తుపాను రాత్రి అరోరా లంగరు తాళ్ళు తెంపుకుని సముద్రంలోకి కొట్టుకుపోయింది. ఒడ్డున పది మంది మిగిలారు. వాళ్ళ తిండి, బట్టలు, ఇంధనంలో చాలా భాగం ఓడలోనే ఉండిపోయింది. కొన్నేళ్ళ కిందట స్కాట్ అనే మరో అన్వేషకుడి బృందం వదిలి వెళ్ళిన గుడిసెల్లో దొరికిన సరుకుతో వాళ్ళు బతికారు. పాత గుడారపు గుడ్డను కత్తిరించి లాగులు కుట్టుకున్నారు. రంపపు పొట్టులో టీ ఆకు, కాఫీ కలిపి పొగాకుగా తాగారు. ఇంత దైన్యంలోనూ పని మానలేదు. 1916 జనవరి చివరికల్లా 83 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి, మౌంట్ హోప్ అనే కొండ పాదం దగ్గర ఆఖరి నిల్వ పెట్టారు. తాము పెట్టకపోతే షాకిల్టన్, అతని మనుషులు దారిలో ఆకలితో చచ్చిపోతారన్న నమ్మకమే వాళ్ళను నడిపించింది. అప్పటికి ఎండ్యూరెన్స్ మునిగి రెండు నెలలు దాటింది. ఖండం దాటడానికి బయలుదేరినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి వాళ్ళకు తెలిసే దారి లేదు.

శరన్మేఘం
చదువుతుంటే గొంతు పట్టేసింది. రాని మనిషి కోసం అన్నం పెట్టి ఎదురుచూసినట్టుంది.

లంగరు
నేను పాతికేళ్ళు సరుకు ఓడల్లో పనిచేశాను. పాతపటం గారి ఆవేదన అర్థమవుతోంది కానీ, ఆ ముగ్గురి చావునూ షాకిల్టన్ ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. అరోరా లంగరు వేసిన చోటు అక్కడి వాళ్ళు ఎంచుకున్నదే. ఆ ముగ్గురిలో మాకింటోష్, హేవర్డ్ ఇద్దరూ 1916 మే 8న, కొత్తగా గట్టిపడుతున్న సముద్రపు మంచు మీద నడిచి వెళ్ళవద్దని తోటివాళ్ళు చెబుతున్నా వినకుండా బయలుదేరారు. కొద్ది గంటల్లో మంచుతుపాను వచ్చింది, వాళ్ళు మళ్ళీ కనిపించలేదు. ఆ నిర్ణయం తీసుకున్న సమయానికి షాకిల్టన్ వేల కిలోమీటర్ల దూరంలో, ఒక చిన్న పడవలో, తన ప్రాణం కోసం తాను పోరాడుతున్నాడు.

ఆ పడవ ప్రయాణం గురించి నావికుడిగా ఒక్క మాట చెప్పనివ్వండి. జేమ్స్ కేయర్డ్ అనే ఆ పడవ పొడవు 7 మీటర్లు కూడా లేదు. మంచు విడిపోయాక అందరూ చేరిన ఎలిఫెంట్ దీవి నుంచి, సాయం కోసం వెళ్ళిన దక్షిణ జార్జియా దీవికి సుమారు 1,500 కిలోమీటర్లు, భూమ్మీదకెల్లా క్రూరమైన సముద్రం. దారి చూపిన ఫ్రాంక్ వర్స్‌లీకి పదహారు రోజుల్లో సూర్యుడు సెక్స్‌టెంట్‌కు, అంటే సూర్యుడి కోణం కొలిచే పరికరానికి, దొరికింది నాలుగే నాలుగు సార్లు. ఊగుతున్న పడవలో ఇద్దరు అతన్ని చెరో పక్క పట్టుకుంటే, సూర్యుడు మబ్బు చాటు నుంచి ఒక్క క్షణం తొంగిచూసినప్పుడు కోణం కొలిచేవాడు. యాత్రకు తెచ్చిన 24 క్రోనోమీటర్లలో (దారి లెక్కకు వాడే కచ్చితమైన గడియారాలు) పనిచేస్తున్నది ఒక్కటే మిగిలింది. లెక్క కాస్త తప్పినా దీవి పక్కనుంచి జారిపోయేవాళ్ళు. ఆ తర్వాత వేల కిలోమీటర్ల వరకూ ఒడ్డు లేదు. అందుకే మనుషులుండే ఉత్తర తీరానికి గురిపెట్టకుండా, గాలికి ఎదురుగా ఉండే నిర్జనమైన దక్షిణ తీరానికి గురిపెట్టారు. తిమింగలాల వేటగాళ్ళ స్థావరం చేరాలంటే ఆ తర్వాత కొండలు దాటవలసి వస్తుందని తెలిసి కూడా ఆ నిర్ణయం తీసుకున్నారు. ఇంత ఆలోచించగల మనిషిని తక్కువ చేయకండి.

పాతపటం
లంగరు గారూ, ఆయనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పడవ ప్రయాణం చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. నా మాటల్లా ఒక్కటే. తాను మొదటి వేసవిలోనే ఖండం దాటవచ్చునని, కాబట్టి వెంటనే నిల్వలు పెట్టాలని మాకింటోష్‌కు ఆదేశం ఇచ్చింది షాకిల్టనే. ఆ తొందరలో, చలికి ఇంకా అలవాటుపడని కుక్కలను దక్షిణానికి తోలితే, ఆ ప్రయాణంలో వెళ్ళిన కుక్కలన్నీ చచ్చిపోయాయి. మరుసటి ఏడు మిగిలినవి నాలుగే. బరువు మనుషుల మీద పడింది. వాళ్ళకు తగినంత డబ్బు గాని, మంచి ఓడ గాని, కబురు పంపుకునే సాధనం గాని ఇవ్వలేదు. ప్రణాళిక నాయకుడిదే కదా?

తండేలు_మేనల్లుడు
మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. మా మేనమామ తండేలు, అంటే చేపల బోటు నాయకుడు. నా చిన్నప్పుడు ఒకసారి వాళ్ళ బోటు ఇంజను చెడిపోయి ఆరు రోజులు సముద్రంలో కొట్టుకుపోయింది. ఏడుగురు మనుషులు, ఒకటిన్నర డ్రమ్ము నీళ్ళు. మామయ్య మొదటి రోజే నీళ్ళ డ్రమ్ము మీద కూర్చున్నాడట. టీ గ్లాసుతో పొద్దున సగం, సాయంత్రం సగం కొలిచి పోసేవాడు, తన గ్లాసు అందరికన్నా ఆఖరున నింపుకునేవాడు. మూడో రోజు ఒక కుర్రవాడు ఏడుస్తూ సముద్రపు నీళ్ళు తాగబోతే, మామయ్య వాడిని కొట్టలేదు, తిట్టలేదు. ‘ఒరే, వల చిక్కుపడింది, నా పక్కన కూర్చుని విప్పు’ అన్నాడు. ఆ వల అప్పుడు ఎవరికీ అక్కరలేదు. వాడి చేతులకు పని కావాలి, అంతే.

షాకిల్టన్ గురించి చదివినప్పుడు నాకు మామయ్యే గుర్తొస్తాడు. పడవలో ఎవరైనా చలికి మరీ వణుకుతుంటే అతని పేరు ఎత్తకుండా అందరికీ వేడి పాలు కాయమనేవాడట, తన వల్లనే పాలు కాస్తున్నారని ఆ మనిషికి తెలిస్తే ఇంకా కుంగిపోతాడని. ఫొటోగ్రాఫర్ హర్లీ చేతి తొడుగులు పోగొట్టుకుంటే తనవి ఇచ్చి, తీసుకోకపోతే సముద్రంలో పారేస్తానన్నాడు. ఆ తర్వాత ఆయన వేళ్ళకే మంచుకాటు తగిలింది. పథకం తప్పో ఒప్పో నాకు తెలియదు గానీ, నేను ఆ బోటులో ఉంటే అలాంటి మనిషి వెనకాలే కూర్చునేవాడిని.

లంగరు
మీ మామయ్యకు నా నమస్కారం చెప్పండి.

లెక్కలమాస్టారు
వేడి పాలు, చేతి తొడుగులు నిజమే. కానీ తిండి లెక్కల్లో షాకిల్టన్ చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. మంచు మీద ఉన్నప్పుడు, సీళ్ళు దొరుకుతున్న రోజుల్లో ఇంకా ఎక్కువ మాంసం నిల్వ చేద్దామని సరుకుల బాధ్యత చూసే ఆర్డ్-లీస్ పదే పదే అడిగాడు. మరీ ఎక్కువ నిల్వ చేస్తే ఇక్కడే ఇంకో చలికాలం గడపాలని మనుషులు అనుకుని నిరాశపడతారన్న భయంతో షాకిల్టన్ ఒప్పుకోలేదు. 1916 మార్చి వచ్చేసరికి మాంసం, పొయ్యిలోకి కొవ్వు రెండూ అడుగంటాయి. మిగిలిన కుక్కలను కాల్చి తిన్నారు. ఏప్రిల్ 9న మంచు విడిపోయి పడవలు ఎక్కగలిగారు కాబట్టి సరిపోయింది, ఇంకో నెల ఆలస్యమైతే ఈ కథ వేరుగా ఉండేది. మనుషుల మనసు కాపాడటానికి కడుపును పణంగా పెట్టడం నాకు ఒప్పుకోదగ్గదిగా తోచదు. పైగా ఆర్డ్-లీస్‌ను అందరూ పిసినారి అని వెక్కిరించారు. లెక్క సరిగ్గా వేసినవాడు అతనే.

మైత్రి_చలికాలం
లెక్కలమాస్టారు గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. అంటార్కిటికాలోని మన మైత్రి పరిశోధన కేంద్రంలో నేను ఒక చలికాలం మొత్తం ఉన్నాను. అక్కడ సుమారు రెండు నెలల పాటు సూర్యుడు దిగంతం పైకి రాడు. మాకు వెచ్చని గదులు, నిండుగా సరుకు, ఇంటికి ఫోను అన్నీ ఉన్నాయి. అయినా జూన్ నాటికి మనుషులు మారిపోయారు. ఒకరు చెంచా చప్పుడు చేస్తూ తింటారని ఇంకొకరు భోజనానికి రావడం మానేశారు. ఇద్దరు మంచి స్నేహితులు వంటగది పని వంతు ఎవరిదన్న దాని మీద పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. నేను రోజులు లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. మా నాయకుడు ఒక సాయంత్రం, ఎవరి వంతూ కాని రోజున, తానే చొక్కా చేతులు మడిచి అందరి గిన్నెలూ తోమారు. ఏమీ మాట్లాడలేదు. మరునాడు ఆ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగారు.

అందుకే ఎండ్యూరెన్స్‌లో శాస్త్రవేత్తల చేతా, వైద్యుల చేతా కూడా నావికులతో సమానంగా నేల కడిగించారన్న సంగతి నాకు చిన్న విషయంగా అనిపించదు. ఓడ వదిలేటప్పుడు మనిషికి సుమారు ఒక కిలో సొంత సామాను మాత్రమే అనుమతించి, బృందంలోని హస్సీ వాయించే బాంజో వాద్యాన్ని మాత్రం తెమ్మన్నాడు షాకిల్టన్. తాను ముందుగా బంగారు నాణేలు మంచులో పారేసి చూపించాడు. సణిగేవాళ్ళను దూరం పెట్టకుండా తన గుడారంలోనే పడుకోబెట్టుకున్నాడు. చీకట్లో ఆకలి కన్నా ముందు మనుషులను తినేది పక్కవాడి మీది విసుగే. అయితే మాస్టారు గారు చెప్పిన మాంసం సంగతిలో మాత్రం, నేనక్కడ ఉండి ఉంటే ఆర్డ్-లీస్ పక్షమే వహించేవాడిని.

వైద్యురాలు_గుంటూరు
తిండి ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్ సముద్రం వైపు ఏం జరిగిందో వైద్యపరంగా చెప్పాలి. ఎండ్యూరెన్స్ మనుషులకు స్కర్వీ, అంటే విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు, రాకపోవడానికి కారణం తాజా సీల్, పెంగ్విన్ మాంసం. మన శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు. తాజా మాంసంలో అది కొద్దిగా ఉంటుంది, ఎండబెట్టిన మాంసం, బిస్కట్లలో ఉండదు. స్లెడ్జ్ ప్రయాణంలో నెలల తరబడి అవే తిన్నవాళ్ళకు చిగుళ్ళు వాచి నల్లబడతాయి, మోకాళ్ళ వెనక నరాలు బిగుసుకుపోతాయి, కాళ్ళు చాచలేరు.

బృందంలో ఆర్నాల్డ్ స్పెన్సర్-స్మిత్ అనే మతగురువు ఉన్నాడు, ఫొటోలు తీయడం కూడా ఆయన పనే. దక్షిణానికి వెళ్ళేటప్పుడే కూలిపోయాడు. ఆయన్ను గుడారంలో ఒంటరిగా ఉంచి, మిగతావాళ్ళు ఆఖరి నిల్వ పెట్టి వచ్చి, తిరుగుదారిలో స్లెడ్జ్ మీద కట్టి వారాల తరబడి లాక్కొచ్చారు. లాగుతున్నవాళ్ళకూ అదే జబ్బు. ఆయన ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదని తోటివాళ్ళు రాసుకున్నారు. 1916 మార్చి 9న ఆ స్లెడ్జ్ మీదే చనిపోయాడు. మరో రెండు రోజుల్లో హట్ పాయింట్ గుడిసె చేరుకునేవాళ్ళు. అక్కడ తాజా సీల్ మాంసం దొరికింది, మిగతావాళ్ళు దానితోనే కోలుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా రోగులను చూస్తున్నాను, ఆ రెండు రోజులు నన్ను ఇప్పటికీ వదలవు.

ఎలిఫెంట్ దీవి మీద జరిగిన శస్త్రచికిత్స కూడా చెప్పుకోదగ్గదే. దొంగచాటుగా ఓడెక్కిన బ్లాక్‌బరో అనే కుర్రవాడి ఎడమ కాలి వేళ్ళు మంచుకాటుకు కుళ్ళిపోయాయి. జూన్ 15న, బోర్లించిన రెండు పడవల కింద, మసి పట్టిన ఆ గుడిసెలోనే ఇద్దరు వైద్యులు ఐదు వేళ్ళూ తీసేశారు. చలిలో మత్తుమందు క్లోరోఫాం ఆవిరి కాదు. అందుకని పొయ్యిలో పెంగ్విన్ చర్మాలు వేసి గుడిసెను వేడెక్కించారు. ఆ అబ్బాయి బతికాడు.

శరన్మేఘం
ఆ కుర్రవాడు ఓడలో దొరికిపోయినప్పుడు షాకిల్టన్ అతన్ని బాగా కేకలేసి, తిండి అయిపోతే ముందుగా తినేది నిన్నేనని బెదిరించాడని ఎక్కడో చదివాను. చివరికి అదే అబ్బాయి వేళ్ళ కోసం అందరూ పొయ్యి ఊదారన్నమాట.

వడ్లవారి_అబ్బాయి
ఇంత మంది రాశారు, వడ్రంగి పేరు ఒక్కరూ ఎత్తలేదు. హారీ మెక్‌నీష్ లేకపోతే లంగరు గారు చెప్పిన ఆ పడవ ప్రయాణమే లేదు. వేరే పడవ నుంచి చెక్కలు తీసి జేమ్స్ కేయర్డ్ అంచులు ఎత్తు చేసింది ఆయనే. పెట్టెల మూతలు, స్లెడ్జ్ కొయ్యలు, గుడారపు గుడ్డ కలిపి పైకప్పు వేశాడు. సందులు పూడ్చడానికి దీపపు వత్తి, చిత్రకారుడి రంగులు, సీల్ నెత్తురు వాడాడు. మా నాన్నగారు జీవితాంతం బాడిశతో బతికిన మనిషి. మెక్‌నీష్ సంగతి చెబితే, ‘రంగూ నెత్తురూ కలిపి సందు పూడ్చినవాడి చేతికి మొక్కాలిరా’ అన్నారు. దక్షిణ జార్జియా కొండలు దాటేటప్పుడు షాకిల్టన్, వర్స్‌లీ, తోటి నావికుడు క్రీన్ మంచులో మెట్లు చెక్కుకున్నది ఆయన బాడిశతోనే. వాళ్ళ బూట్ల అడుగున జారకుండా బిగించినవి ఆ పడవలోంచి పీకిన మరమేకులే.

అలాంటి మనిషికి ధ్రువ పతకం ఇవ్వకుండా ఆపించాడు షాకిల్టన్. 1915 డిసెంబరులో మంచు మీద పడవలు ఈడవడం వృథా శ్రమ అని, ఓడ మునిగాక ఒప్పందం చెల్లదని ఎదురు మాట్లాడటమే ఆయన చేసిన నేరం. ఆయన పెంచుకున్న పిల్లిని కాల్చేయమన్న బాధ కూడా ఆ కోపంలో ఉంది. పడవలు ఈడవడం కొద్ది రోజులకే ఆపేశారు, అంటే ఆయన అన్నదే నిజమైంది. మరో ముగ్గురు నావికులకూ పతకం రాలేదు. మెక్‌నీష్ 1930లో న్యూజిలాండ్‌లో పేదరికంలో చనిపోయాడు. 2004లో ఆయన సమాధి మీద ఆ పిల్లి కంచు బొమ్మ పెట్టారు. ఇది మాత్రం నేను షాకిల్టన్‌కు క్షమించలేను.

లంగరు
వడ్లవారి అబ్బాయి గారూ, పతకం విషయంలో మీరన్నది నిజం, అది సంకుచితమే. కానీ ఆ రోజు మంచు మీద ఒక్కరు ‘నేను రాను’ అని నిలబడితే, మరునాడు పది మంది నిలబడతారు. ఓడ మునిగినా ఒడ్డు చేరేదాకా జీతం నడుస్తుందని ఒప్పందం చదివి వినిపించడం కఠినమైనా అవసరమే. ఆ తర్వాత ఆయనను తనతోపాటు పడవలోకి ఎంచుకున్నాడు కదా.

వడ్లవారి_అబ్బాయి
పనికి కావాలి కాబట్టి ఎంచుకున్నాడు. పని అయ్యాక ఇవ్వవలసింది ఇవ్వలేదు. మా నాన్నగారికీ ఒక గుడి తలుపుల పనిలో ఇలాగే జరిగింది. ప్రారంభోత్సవం నాడు శిలాఫలకం మీద అందరి పేర్లూ ఉన్నాయి, తలుపు చెక్కినవాడి పేరు తప్ప. అందుకే నాకు ఇది పాత చరిత్రలా అనిపించదు.

ధ్రువతార_కాకినాడ
నాయకుడిని కొలవాలంటే పక్కన ఇంకొకరిని నిలబెట్టి చూడాలి. దాదాపు అదే కాలంలో, 1913లో, ఉత్తర ధ్రువ సముద్రంలో కార్లుక్ అనే ఓడ మంచులో చిక్కుకుంది. యాత్రానాయకుడు స్టెఫాన్సన్ దుప్పుల వేటకని కొందరితో దిగి వెళ్ళాడు, ఓడ కొట్టుకుపోయింది, ఆయన తన అన్వేషణ తాను సాగించుకున్నాడు. మిగిలినవాళ్ళను రాంగెల్ దీవికి చేర్చి, ఇన్యూట్ యువకుడు కటాక్టోవిక్‌తో కలిసి సైబీరియా దాకా మంచు మీద నడిచి సాయం తెచ్చింది కెప్టెన్ బార్ట్‌లెట్. అయినా 11 మంది పోయారు. దాని పక్కన పెడితే, ఓడ మునగగానే ఖండం దాటే కోరికను పక్కన పెట్టేసి మనుషులను ఇంటికి చేర్చడమే పనిగా పెట్టుకున్న షాకిల్టన్ విలువ తెలుస్తుంది. పాతపటం గారి ప్రశ్న మాత్రం అలాగే నిలుస్తుంది. ఇవతల అంత మెలకువగా ఉన్న మనిషి, అవతలి వైపు ఏర్పాట్లలో ఎందుకు అంత ఏమరుపాటు చూపాడు?

మైత్రి_చలికాలం
కళ్ళ ముందున్నవాడి ఆకలి కనిపిస్తుంది, ఖండం అవతల ఉన్నవాడిది కనిపించదు. నా అనుభవంలో దూరంగా ఉన్న కార్యాలయం చేసే తప్పులన్నీ ఇక్కడే పుడతాయి.

ఇంకో సంగతి. ఎలిఫెంట్ దీవిలో 22 మందిని నాలుగు నెలలకు పైగా కాపాడినవాడు ఫ్రాంక్ వైల్డ్. ‘పెద్దాయన ఇవాళ రావచ్చు, పక్కలు చుట్టి పెట్టుకోండి’ అని ప్రతి ఉదయం చెప్పేవాడు. చిలీ దేశపు యెల్చో ఓడ, కెప్టెన్ లూయిస్ పార్డోతో, ఆగస్టు 30న వచ్చింది, అదీ మూడు ప్రయత్నాలు విఫలమయ్యాక నాలుగోసారి. అదే ఏడాది మొదట్లో అవతలి వైపు స్పెన్సర్-స్మిత్‌ను లాక్కొచ్చినవాళ్ళలో ఎర్నెస్ట్ వైల్డ్ ఉన్నాడు. ఫ్రాంక్‌కు స్వయానా తమ్ముడు.

వైద్యురాలు_గుంటూరు
అన్నదమ్ములని తెలియదు. ఇద్దరి తల్లీ ఆ రెండేళ్ళు ఎలా గడిపిందో.

పాతపటం
అందరి రాతలూ రెండుసార్లు చదివాను. లంగరు గారి వాదన నన్ను కొంత మార్చింది. హేవర్డ్, మాకింటోష్ మంచు మీదకు వెళ్ళడం వాళ్ళ నిర్ణయమే అని ఒప్పుకుంటున్నాను. స్పెన్సర్-స్మిత్ విషయంలో మాత్రం మారలేను. 1917 జనవరి 10న అరోరా వెళ్ళి, మిగిలిన ఏడుగురిని తీసుకొచ్చినప్పుడు షాకిల్టన్ కూడా ఆ ఓడలో వెళ్ళాడు. తాను వెళ్ళకుండా ఉండగలిగేవాడు, వెళ్ళాడు. అంటే ఆ మనుషులు తనవాళ్ళేనని ఆయనే ఒప్పుకున్నట్టు కదా. ఆయన ఒప్పుకున్నదాన్ని మన శిక్షకులు ఎందుకు కొట్టేయాలి? వచ్చే నెల రెండో విడత శిక్షణ ఉంది. ఆ తెర మీది మాట కింద మూడు పేర్లు చేర్చమని ఉత్తరం రాశాను.

శరన్మేఘం
ఆ ముగ్గురికీ అక్కడ ఏమైనా గుర్తు ఉందా?

ధ్రువతార_కాకినాడ
ఉంది. ఆ బృందం ఉన్న కేప్ ఎవాన్స్ గుడిసె వెనక విండ్ వేన్ హిల్ అనే చిన్న గుట్ట మీద, బతికినవాళ్ళు ముగ్గురి పేరనా ఒక కొయ్య శిలువ పాతారు. అది ఇప్పటికీ అక్కడే నిలిచి ఉంది.

వడ్లవారి_అబ్బాయి
పాతపటం గారూ, ఉత్తరానికి జవాబు వస్తే ఇక్కడ రాయండి. వాళ్ళు చేర్చకపోతే నాకు చెప్పండి, మూడు పేర్లూ తెలుగులో ఒక చెక్క మీద చెక్కి పంపుతాను, మీ హాలులో పెట్టుకోవచ్చు.